డల్లాస్ రెండు ఫిబ్రవరులు

2025 ఫిబ్రవరి 1, శనివారం. డల్లాస్‌లో రాత్రి పదకొండు దాటింది. మన దగ్గర అప్పటికే ఆదివారం ఉదయం, టిఫిన్లు ముగుస్తున్న వేళ. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, తన పెద్ద స్టార్ లూకా డాన్చిచ్‌ని డల్లాస్ మావెరిక్స్ జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేస్తోందని ఈఎస్‌పీఎన్ రిపోర్టర్ షామ్స్ చరానియా సోషల్ మీడియాలో రాశాడు. ఆయన అకౌంట్‌ని ఎవరో హ్యాక్ చేశారని చాలామంది అనుకున్నారు. ఇది నిజమేనని ఆయన మళ్లీ ఒకసారి రాయాల్సి వచ్చింది.

అనుకోరా మరి! డాన్చిచ్‌కి అప్పటికి 25 ఏళ్లు. వరుసగా ఐదేళ్లు ఆల్ ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో, అంటే లీగ్ మొత్తంలో ఆ ఏటి మేటి ఐదుగురిలో ఉన్నవాడు. ఎనిమిది నెలల కిందటే జట్టును ఫైనల్స్‌కి తీసుకెళ్లినవాడు. అలాంటి ఆటగాడిని సీజన్ నడుమ ఏ జట్టైనా వదులుకోవడం చాలా అరుదు.

ఈ ట్రేడ్ మీద జరగాల్సిన చర్చంతా జరిగింది. అంతగా చర్చకు రానిది ఒకటుంది. సరిగ్గా ఏడాది కిందట, అదే ఫిబ్రవరి నెలలో, అదే జనరల్ మేనేజర్ నికో హారిసన్ రెండు చిన్న ట్రేడ్లు చేశాడు. ఈ మధ్యకాలంలో సీజన్ మధ్యలో జరిగిన మంచి బేరాల్లో అవి ముందు వరసలో ఉంటాయి. మొదటి ఏడాది జట్టును ఫైనల్స్‌కి చేర్చిన ఆఫీసే రెండో ఏడాది దాన్ని ప్లేఆఫ్స్ బయట నిలబెట్టింది. టైటిల్ ఆశ ఉన్న జట్టు ఫిబ్రవరిలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియాలంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు ఈ ఫిబ్రవరి గొడవేమిటో కొంచెం చెప్పుకోవాలి. ఐపీఎల్‌లో ఆటగాళ్ల మార్పిడి మామూలుగా సీజన్ మొదలవకముందే ముగుస్తుంది. ఎన్‌బీఏలో అలా కాదు. ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడాలి. అందులో యాభై దాకా అయ్యాక, ఫిబ్రవరి మొదటి వారాల్లో ట్రేడ్ డెడ్‌లైన్ వస్తుంది. అప్పటికి ఎవరి బలం ఏమిటో, ఎవరి డొల్లతనం ఎక్కడో అందరికీ తెలిసిపోతుంది. గెలవాలనుకునే జట్లు కొంటాయి, ఆ ఏడాదికి దండం పెట్టేసిన జట్లు అమ్ముతాయి. డబ్బిచ్చి ఆటగాడిని కొనడం కుదరదు. ఆటగాడికి ఆటగాడిని, లేదా ముందు ముందు డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కును ఇవ్వాలి. దాన్నే పిక్ అంటారు. ఇచ్చేవాళ్ల జీతాలు, వచ్చేవాళ్ల జీతాలు దాదాపు సరితూగాలి. జీతాల బిల్లు ఒక గీత దాటిన జట్లకు ఈ రూల్స్ ఇంకా బిగుసుకుంటాయి. వరుసగా రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్స్ లేకుండా చేసుకోవడానికి కూడా వీల్లేదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ ఓనర్ టెడ్ స్టెపియన్ తన పిక్స్‌ని ఎడాపెడా అమ్మేసుకున్నాక పెట్టిన రూల్ అది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు, పాపం.

ఇక మొదటి ఫిబ్రవరి, 2024.

అప్పటికి డల్లాస్ మరీ చెడ్డ జట్టేమీ కాదు. డాన్చిచ్ ఆ సీజన్లో మ్యాచ్‌కి సగటున 33.9 పాయింట్లు కొట్టి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. జనవరి 26న అట్లాంటా మీద ఒక్క మ్యాచ్‌లోనే 73 చేశాడు. పక్కన కైరీ ఇర్వింగ్ ఉన్నాడు. అయినా టైటిల్ మాటెత్తితే ఎవరూ డల్లాస్ పేరు చెప్పేవారు కాదు. కారణం ఆట చూసినవాళ్లకు తెలిసిందే.

డాన్చిచ్ ఆట పిక్ అండ్ రోల్ మీద నడుస్తుంది. పొడుగాటి సెంటర్ వచ్చి అతని డిఫెండర్‌కి అడ్డంగా నిలబడతాడు, వెంటనే తిరిగి బుట్ట వైపు పరుగెత్తుతాడు. ఆ సెంటర్‌కి గాల్లోకి లేచి లాబ్ పాస్ అందుకుని డంక్ చేసే, అంటే బంతిని పైనుంచి బుట్టలోకి కుక్కే సత్తా ఉంటే అవతలి జట్టుకి తలనొప్పి మొదలవుతుంది. డాన్చిచ్ మీదికి ఇద్దరు వెళ్తే లాబ్ పడుతుంది. లాబ్‌ని ఆపడానికి మూలనున్న డిఫెండర్ లోపలికి వస్తే, అతను వదిలేసిన ఆటగాడు కార్నర్ నుంచి ఖాళీగా మూడు పాయింట్ల షాట్ కొడతాడు. లాబ్ అందుకునేవాడు, కార్నర్లో కొట్టేవాడు ఇద్దరూ ఉండాలి. ఒకరు లేకపోయినా ఇంకొకరి విలువ సగమైపోతుంది.

డల్లాస్‌కి లాబ్ అందుకునేవాడు ఒక్కడే ఉన్నాడు: డెరెక్ లైవ్లీ, మొదటి ఏడాది కుర్రాడు. అతను గాయంతోనో ఫౌళ్లతోనో బెంచ్ మీద కూర్చుంటే ఆట ఆగిపోయేది. ఇక ఫార్వర్డ్ స్థానం, అంటే కార్నర్లో కొట్టేవాడి చోటు. దాని కోసం అంతకు ముందు వేసవిలోనే బోస్టన్ నుంచి గ్రాంట్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. అందుకోసం 2030లో తమ పిక్‌ని, ఆ ట్రేడ్‌లో మూడో జట్టైన శాన్ ఆంటోనియో కావాలంటే మార్చుకునే హక్కు కూడా ఇచ్చారు. అతను ఇమడలేదు.

మామూలుగా మేనేజర్లు ఇలాంటి తప్పుని ఒప్పుకోరు. తెచ్చి ఏడు నెలలే కదా, కుదురుకుంటాడులే అంటారు. హారిసన్ అలా అనలేదు. ఫిబ్రవరి 8న గ్రాంట్ విలియమ్స్, సెత్ కర్రీలను, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌ని షార్లెట్‌కి ఇచ్చి పీజే వాషింగ్టన్‌ని, రెండు సెకండ్ రౌండ్ పిక్స్‌ని తీసుకున్నాడు. అదే రోజు రిషాన్ హోమ్స్‌ని, ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ని ఇచ్చి సెంటర్ డానియల్ గాఫర్డ్‌ని తెచ్చాడు. వాషింగ్టన్ అనే ఆటగాడు షార్లెట్ నుంచి, గాఫర్డ్ వాషింగ్టన్ అనే జట్టు నుంచి వచ్చారు. ఆ రోజు వార్తలు చదివినవాళ్లు కాసేపు తికమకపడి ఉంటారు.

గాఫర్డ్ కోసం ఇచ్చిన పిక్ డల్లాస్ దగ్గర మొదట లేదు. ఓక్లహోమా సిటీ థండర్ దగ్గర తీసుకుంది. బదులుగా 2028లో పిక్ మార్చుకునే హక్కు వాళ్లకి రాసిచ్చింది. ఓక్లహోమా దృష్టిలో అది నాలుగేళ్ల తర్వాతి సంగతి మీద పెట్టిన చవక పెట్టుబడి. ఆ పిక్‌తో వచ్చిన సెంటర్‌ని మూడు నెలల్లో తామే ఎదుర్కోవాల్సి వస్తుందని వాళ్లు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

ఇద్దరిలో ఎవరూ ఆల్‌స్టార్ కాదు, అంటే ఏటా జరిగే స్టార్ల మ్యాచ్‌కి ఎంపికైనవాళ్లు కాదు. డల్లాస్ పక్కనే, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలో పెరిగిన కుర్రాడు వాషింగ్టన్. సొంతూరికి వచ్చాడన్నదే ఆ రోజు పెద్ద వార్త. ట్రేడ్ అయిన మర్నాటి నుంచే అంతా బాగుపడిపోలేదు కూడా. మార్చి మొదటి వారానికి డల్లాస్ 34 గెలిచి 28 ఓడింది. ఈ స్థితిలో కోచ్ జేసన్ కిడ్ గాఫర్డ్‌ని మొదటి ఐదుగురిలో దింపాడు. తర్వాతి 18 మ్యాచ్‌ల్లో 16 గెలిచారు. ఈ వరసలోనే గాఫర్డ్ వేసిన షాట్లలో 33 వరుసగా పడ్డాయి. విల్ట్ చాంబర్లెన్ పేరున్న రికార్డు 35. గాఫర్డ్ గొప్ప షూటరై కాదు. అతను వేసేవన్నీ డాన్చిచ్, ఇర్వింగ్ పళ్లెంలో పెట్టి అందించిన డంక్‌లే. పళ్లెం పట్టుకునేవాడు దొరకడమే ఆ ట్రేడ్ సాధించింది.

50 గెలుపులు, 32 ఓటములు, లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటైన వెస్ట్‌లో ఐదో స్థానం. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో క్లిప్పర్స్‌ని 4-2తో పంపించి, రెండో రౌండ్లో ఓక్లహోమా మీదికి వెళ్లారు. ఓక్లహోమా వెస్ట్‌లో నంబర్ వన్. వాళ్లు వేసుకున్న ప్లాన్ సబబైనదే: డాన్చిచ్, ఇర్వింగ్‌ల చుట్టూ జనాన్ని నింపుదాం, కార్నర్లో వాషింగ్టన్ కొడితే కొట్టుకోనీ. కొట్టాడు. రెండో మ్యాచ్‌లో 29, మూడో మ్యాచ్‌లో 27. ఆరో మ్యాచ్‌లో 17 పాయింట్లు వెనకబడిన డల్లాస్ తిరిగి అందుకుంది. 2.5 సెకన్లు మిగిలి ఉండగా ఒక పాయింట్ వెనక. వాషింగ్టన్ కార్నర్ నుంచి మూడు పాయింట్ల షాట్‌కి లేచాడు, షై గిల్జస్ అలెగ్జాండర్ ఫౌల్ చేశాడు. మూడు ఫ్రీ త్రోల్లో రెండు వేసి, మూడోది కావాలనే తప్పించాడు. 117-116. సిరీస్ 4-2.

తర్వాత మిన్నెసోటాని 4-1తో గెలిచి ఫైనల్స్‌కి చేరారు. అక్కడ 64 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన బోస్టన్ 4-1తో ఓడించింది. రెండో ఫిబ్రవరి విత్తనం ఈ సిరీస్‌లోనే పడిందని చెప్పొచ్చు. బోస్టన్ వాళ్లు పదే పదే డాన్చిచ్‌ని వెతుక్కుంటూ వెళ్లి అతని మీద దాడి చేశారు. మూడో మ్యాచ్‌లో 21 పాయింట్ల లోటుని డల్లాస్ దాదాపు పూడ్చేసిన టైంలో అతను ఆరో ఫౌల్ చేసి బయటికెళ్లాడు. డిఫెన్స్ ఆడడు, ఒళ్లు తగ్గించుకోడు, రెఫరీలతో వాదిస్తాడు అన్న విమర్శలు ఆ రాత్రి గట్టిగా వినిపించాయి. అబద్ధాలేం కావు.

అయినా మొత్తంగా జరిగింది వేరు. ఐదో స్థానం జట్టు, రెండు సర్దుబాట్లతో, లీగ్‌లో ఆఖరి రెండు జట్లలో ఒకటైంది. అందులో మూలస్తంభం ఎవరో చెప్పక్కర్లేదు.

మొదటి ఫిబ్రవరిలో ఆ ఆఫీసు వేసుకున్న ప్రశ్న: డాన్చిచ్ చుట్టూ ఏం తక్కువైంది? రెండో ఫిబ్రవరికి ప్రశ్న మారింది: డాన్చిచ్‌లో ఏం తక్కువైంది? రెండో ప్రశ్న వేసుకున్నాక ఎంత తెలివిగా వెతికినా ఆ ట్రేడ్ దగ్గరికే చేరతారు.

హారిసన్ వాదాన్ని న్యాయంగానే వినాలి. డాన్చిచ్ 2024 క్రిస్మస్ నాడు పిక్కకు గాయమై కూర్చున్నాడు. ఆ వచ్చే వేసవిలో అతనికి ఐదేళ్లకి సుమారు 34.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇవ్వాల్సి వస్తుంది. ఒంటి మీద శ్రద్ధ లేని ఆటగాడి చేతిలో అంత డబ్బు పెట్టడం రిస్క్ అనుకున్నారు. టైటిళ్లు డిఫెన్స్‌తోనే వస్తాయన్నది హారిసన్ బహిరంగంగా చెప్పిన మాట. బదులుగా వచ్చిన ఆంథోనీ డేవిస్ డిఫెన్స్‌లో మేటి. అతని పక్కన లైవ్లీ, గాఫర్డ్, వాషింగ్టన్, ముందు ఇర్వింగ్. కాగితం మీద చూస్తే గట్టి జట్టే. ఫిబ్రవరి 8న హ్యూస్టన్ మీద డేవిస్ మొదటి మ్యాచ్ ఆ కాగితాన్ని నిజం చేసేలా మొదలైంది కూడా: 31 నిమిషాల్లో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు (తప్పిన షాట్లకు పట్టిన బంతులు), 7 అసిస్టులు (బుట్టలో పడ్డ షాట్లకు అందించిన పాస్‌లు). మూడో క్వార్టర్లో తొడ కండరం పట్టేసింది. మళ్లీ మార్చి 24 దాకా కోర్టులో కనిపించలేదు.

దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చా? సగం మాత్రమే. డేవిస్‌కి 32 నిండబోతున్నాయి, గాయాల చరిత్ర చేంతాడంత. ఇర్వింగ్‌కీ 33 వస్తున్నాయి. ఒళ్లు నమ్మలేమని 25 ఏళ్లవాణ్ని పంపి, ఇలాంటి ఇద్దరి మీద మూడు నాలుగేళ్ల ప్లాన్ వేశారు. పైగా 2024 వేసవిలో క్లే థామ్సన్‌ని తెచ్చుకున్న పద్ధతి వల్ల జీతాల మీద హార్డ్ క్యాప్ పడింది. అంటే ఆ గీతను ఒక్క డాలరు కూడా దాటకూడదు. మార్చి 3న ఇర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. లైవ్లీ, గాఫర్డ్ అప్పటికే బయట ఉన్నారు. బదులు ఆటగాడిని తీసుకుందామంటే కనీస జీతానికి కూడా గీత కింద చోటు లేదు. మ్యాచ్ ఆడాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలన్న రూల్‌కి సరిపడా మనుషులు దొరుకుతారా అని లెక్కపెట్టుకున్న రోజులున్నాయి. ఎన్‌బీఏకీ దాని కింది లీగ్‌కీ మధ్య తిరిగే టూ-వే కాంట్రాక్టు కుర్రాళ్లకు ఇన్ని మ్యాచ్‌లే అని కోటా ఉంటుంది, దాన్నీ పొదుపుగా వాడుకున్నారు. గాయాలు ఎవరి చేతిలోనూ ఉండవు. గాయాలైతే కదలడానికి చోటు ఉంచుకోకపోవడం మాత్రం ఆఫీసు చేతిలోని పనే.

ధర సంగతి ఇంకా విడ్డూరం. లేకర్స్ ఇచ్చింది డేవిస్, యువ ఆటగాడు మాక్స్ క్రిస్టీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్. పిక్ ఒక్కటంటే ఒక్కటే. 2024 వేసవిలో మికాల్ బ్రిడ్జెస్ కోసం న్యూయార్క్ నిక్స్ ఐదు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చింది. బ్రిడ్జెస్ మంచి ఆటగాడే, కానీ అప్పటికి ఆల్‌స్టార్ కూడా కాలేదు. డాన్చిచ్ దొరుకుతాడని తెలిస్తే లీగ్‌లో సగం జట్లు ఇల్లు తాకట్టు పెట్టి వచ్చేవి. డల్లాస్ ఎవరికీ చెప్పలేదు. విషయం పొక్కకూడదని ఒక్క కొనుగోలుదారుతోనే మాట్లాడింది. పల్లెలో ఎకరం పొలం అమ్మేవాడు కూడా నలుగురి చెవిన వేస్తాడు.

ఫలితం 39 గెలుపులు, 43 ఓటములు. ప్లేఆఫ్స్ చివరి చోట్ల కోసం ఆడే ప్లే-ఇన్‌లో సాక్రమెంటోని గెలిచి, మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికెళ్లారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇక్కడ మాటవరసకి అన్నది కాదు, అచ్చంగా జరిగింది. డిఫెన్స్ కోసమని చేసిన ట్రేడ్ తర్వాత ఆ సీజన్లో డేవిస్ డల్లాస్‌కి ఆడింది 9 మ్యాచ్‌లే. ఏప్రిల్ 9న డాన్చిచ్ లేకర్స్ జెర్సీలో డల్లాస్‌కి వచ్చాడు. మ్యాచ్‌కి ముందు వేసిన వీడియో చూసి ఏడ్చాడు, తర్వాత 45 పాయింట్లు కొట్టి గెలిచి వెళ్లాడు.

లేకర్స్ కథ కూడా చూడాలి, లేకపోతే సూపర్‌స్టార్ వస్తే చాలు టైటిల్ వచ్చేసినట్టే అన్న అపోహ మిగిలిపోతుంది. డేవిస్ వెళ్లిపోవడంతో వాళ్లకు సెంటర్ లేకుండా పోయాడు. డాన్చిచ్‌కి లాబ్ అందుకునేవాడు కావాలి కదా! ఆ సంగతి వాళ్లకూ తెలుసు. వారం తిరక్కుండా షార్లెట్ నుంచి మార్క్ విలియమ్స్ అనే సెంటర్ కోసం ట్రేడ్ కుదుర్చుకున్నారు. వైద్య పరీక్షలు చూశాక వద్దనుకుని రద్దు చేశారు. డెడ్‌లైన్ అప్పటికే దాటిపోయింది. 50 మ్యాచ్‌లు గెలిచి మూడో స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. మొదటి రౌండ్లోనే మిన్నెసోటా 4-1తో ఇంటికి పంపింది. చివరి మ్యాచ్‌లో మిన్నెసోటా సెంటర్ రూడీ గోబేర్ 27 పాయింట్లు చేసి 24 రీబౌండ్లు పట్టాడు. ఏ ఖాళీ వదిలేశారో అక్కడి నుంచే దెబ్బ పడింది. వాళ్ల దగ్గర అప్పుడు లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు, డాన్చిచ్ ఉన్నాడు. గాఫర్డ్ లాంటివాడు లేడు.

వెనక్కి వెళ్లి చూసినా ఇదే పద్ధతి కనబడుతుంది. 2004 ఫిబ్రవరిలో రషీద్ వాలస్ పోర్ట్‌లాండ్ నుంచి అట్లాంటాకి, అక్కడ ఒకే ఒక్క మ్యాచ్ ఆడి డెట్రాయిట్‌కి వెళ్లాడు. డెట్రాయిట్‌లో బెన్ వాలస్ పక్కన ఇంకొక పొడగరి లోటు ఒక్కటే ఉండింది. ఆ ఫైనల్స్‌లో షాకిల్ ఓనీల్, కోబీ బ్రయంట్‌ల లేకర్స్‌ని 4-1తో కొట్టారు. 2019లో టొరొంటో మార్క్ గసోల్‌ని, 2021లో మిల్వాకీ పీజే టకర్‌ని తెచ్చుకున్నాయి, ఆ ఏడాదే టైటిల్ గెలిచాయి. టకర్ ప్లేఆఫ్స్‌లో పాయింట్లు పెద్దగా చేయలేదు. అవతలివాళ్లలో పెద్ద స్కోరర్ని పట్టుకుని వేలాడటమే అతని ఉద్యోగం. సీజన్ నడుమ పెద్ద స్టార్ వచ్చి గెలిపించిన సందర్భం లేకపోలేదు. 1995లో హ్యూస్టన్ క్లైడ్ డ్రెక్స్‌లర్‌ని తెచ్చి, ఆరో స్థానం నుంచి టైటిల్ కొట్టింది. అయితే హ్యూస్టన్ వదులుకుంది ఓటిస్ థార్ప్‌ని. హకీమ్ ఒలాజువాన్‌ని ముట్టుకోలేదు.

డల్లాస్‌లో ట్రేడ్ మర్నాడు అభిమానులు స్టేడియం బయట డర్క్ నోవిట్‌స్కీ విగ్రహం దగ్గర ఉత్తుత్తి శవపేటిక పెట్టారు. హారిసన్‌ని తీసేయాలన్న నినాదాలు ఆ సీజనంతా ఆగలేదు. ఆ మధ్యలో అదృష్టం ఒకసారి తలుపు తట్టింది. 2025 మే నెలలో, డ్రాఫ్ట్‌లో ముందుగా ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో, 1.8 శాతం మాత్రమే అవకాశమున్న డల్లాస్‌కి మొదటి పిక్ తగిలింది. 18 ఏళ్ల కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. ప్లాన్ ఫలించిందని చెప్పుకునే సాహసం ఎవరూ చేయలేదనుకోండి. కొత్త సీజన్లో 11 మ్యాచ్‌ల్లో 8 ఓడాక, నవంబరు 11న హారిసన్‌ని పంపించేశారు.

ఫ్లాగ్ చుట్టూ మళ్లీ జట్టు కట్టాలంటే పిక్స్ కావాలి. అక్కడ మొదటి ఫిబ్రవరి బిల్లు, దానికి ముందరి బిల్లులు ఎదురుచూస్తున్నాయి. మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప 2027 పిక్ వాషింగ్టన్ కోసం షార్లెట్‌కి పోతుంది. 2028లో మార్చుకునే హక్కు గాఫర్డ్ పుణ్యమా అని ఓక్లహోమాది. 2029 పిక్‌ని 2023లోనే ఇర్వింగ్ కోసం బ్రూక్లిన్‌కి ఇచ్చేశారు. 2030 హక్కు, ఏడు నెలలు కూడా నిలవని గ్రాంట్ విలియమ్స్ కోసం రాసిచ్చింది. హారిసన్ వెళ్లేనాటికి ఆ వరసలో బయటి నుంచి రావాల్సింది డాన్చిచ్‌కి బదులుగా తీసుకున్న లేకర్స్ 2029 పిక్ ఒక్కటే. దాంతో వచ్చే కుర్రాడు ఎవరోగానీ, హారిసన్ ఉద్యోగం పోయిన నాటికి అతనిది పదో తరగతి చదివే వయసు.